మొదట్లో మిగిలినవాళ్లు

షువాయికి తొమ్మిదో ప్రశ్న పడింది. ఆ ఏడు ఆవిడ నుదుటిన రాసిపెట్టింది అదే. పన్నెండు రోజులు, పొద్దున్న ఏడున్నర నుంచి సాయంత్రం ఐదింటి దాకా, ఆ తొమ్మిదో ప్రశ్న తప్ప ఇంకోదాని మొహం చూడకూడదు.

గ్వెరు అనే టౌనులో ఆడపిల్లల హాస్టలు బడి ఒకటుంది. డిసెంబరు సెలవులకి పిల్లలు వెళ్లిపోతే, దేశం నలుమూలల నుంచీ లెక్కల మేష్టర్లని తోలుకొచ్చి దాని భోజనాల హాల్లో పడేస్తారు, ఇంటరు పిల్లల పరీక్ష పేపర్లు దిద్దడానికి. ఒక్కో బల్లకి పది మంది వరసగా కూర్చుంటారు. పేపరు మొదటివాడి దగ్గర బయల్దేరి, ఒక్కో చేతిలో ఒక్కో ప్రశ్న దిద్దించుకుంటూ, బంతిలో కూర గిన్నెలాగా చివరిదాకా నడుస్తుంది. దాన్ని బెల్టు అంటారు. బెల్టు మీద కూర్చోడానికి తెలివితో పని లేదు, మెడ గట్టిదైతే చాలు.

తొమ్మిదో ప్రశ్న ఏంటయ్యా అంటే: మూడోవంతు, ఎనిమిదోవంతు, పదిహేనోవంతు, ఇరవైనాలుగోవంతు, ఇలా అంతూ పొంతూ లేకుండా కూడుకుంటూ పోతే మొత్తం ఎంత? అంతులేనిదాన్ని కూడమనడం ఏం న్యాయం అని మనలాంటివాళ్లకి కోపం వస్తుంది. లెక్కలవాళ్లకి రాదు, వాళ్ల దగ్గర ఓ కిటుకుంది. ఒక్కో భిన్నాన్నీ రెండు ముక్కలు చేస్తారు. పాక్షిక భిన్నాలంటారు వాటిని. ఒక ముక్క కూడేది, ఒక ముక్క తీసేసేది. ఇక్కడి తీసేసే ముక్కా, ఆ వెనకాల వచ్చేవాడి కూడే ముక్కా ఒకదాన్నొకటి తినేసి చస్తాయి. అందరూ అలా చావగా మొదట్లో ఎవరు మిగిలారో చూసి, దాన్ని సగం చేస్తే జవాబు. ముప్పావు రావాలి.

ఐదో రోజు పొద్దున్న టీ అయ్యాక షువాయి ముందుకి కొత్త కట్ట వచ్చింది. బడి పేరుండదు, పిల్లల పేర్లుండవు, నంబర్లే. పద్నాలుగు పేపర్లు. మొదటిది తీసింది. ముక్కలు చెయ్యడం బాగానే చేశాడు పిల్లాడు. జవాబు మాత్రం ముప్పావు కాదు, అర. జవాబు పైన ఒక వాక్యం రాశాడు:

"మొదటివాడి కుడిచెయ్యి మిగిలింది. చివరివాడు గుట్ట దాటిపోయాడు, వాడి చెయ్యి ఇక కనపడదు."

షువాయి పెన్ను ఆగిపోయింది.

రెండోది తీసింది. అదే జవాబు, అదే వాక్యం. మూడోది, నాలుగోది. గుట్ట, కుడిచెయ్యి, అర.

ఆ మాటలు ఆవిడవే.

రెండేళ్ల కింద దోంబో అనే పల్లెలో, రాతిగుట్ట కింద బడిలో రెండు టెర్ములు లెక్కలు చెప్పింది. అక్కడ సుద్దముక్కలే దొరకవు, ఇంక పుస్తకాలెక్కడివి. అందుకని పిల్లల్ని గుట్ట వైపు వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి కుడిచేతికి కూడే చీటీ, ఎడమచేతికి తీసేసే చీటీ ఇచ్చింది. "నీ ఎడమచెయ్యి నీ వెనకవాడి కుడిచెయ్యి పట్టుకోవాలి. పట్టుకున్న చేతులు చచ్చినట్టు లెక్క. ఇప్పుడు చూడండి, ఎవరి చెయ్యి ఖాళీగా ఉంది?" మొదటివాడి కుడిచెయ్యి. చివరివాడి ఎడమచెయ్యి కూడా ఖాళీయే కానీ, వరస పెరిగే కొద్దీ వాడు గుట్ట దాటి వెళ్లిపోతాడు, ఆ చెయ్యి ఈగంత అయి, దుమ్ముకణమంత అయి మాయమైపోతుంది. పిల్లలు పగలబడి నవ్వారు. ఆ తరవాత ఎవరూ మర్చిపోలేదు.

అంతవరకూ బాగానే ఉంది. ఓ బుధవారం కిటికీ పక్క పిల్ల లేచి, "మేడమ్, పక్కవాడిని వదిలేసి వాడి తరవాతివాడి చెయ్యి పట్టుకుంటే?" అని అడిగింది. ఆ రోజు షువాయి జేబులో గ్వెరు నుంచి వచ్చిన పర్మనెంటు ఉద్యోగం ఉత్తరముంది. శుక్రవారంలోపు చేరకపోతే పోతుంది. గురువారం తెల్లారకముందే క్యాబేజీల లారీ ఒకటి టౌనుకి పోతోంది. మనసంతా లారీ మీదే ఉంది. "ఎలా పట్టుకున్నా మొదటివాడే మిగిలేది. రాసుకోండి," అంది.

వాళ్లు రాసుకున్నారు. ఇదిగో, ఇప్పుడు మళ్లీ రాశారు.

నోటీసు ఇవ్వకుండా పారిపోయిన టీచరు కాబట్టి, దిద్దడానికి వచ్చేటప్పుడు "మీరు ఇదివరకు పనిచేసిన బడులు" అన్న కాగితంలో దోంబో పేరు రాయలేదు. ఏ బడిలో చెప్పారో ఆ బడి పేపర్లు దిద్దకూడదని రూలు. దాచితే జన్మలో మళ్లీ పిలవరు, పైగా పనిచేస్తున్న బడికి ఉత్తరం పోతుంది. అదంతా తెలిసే రాయలేదు.

పద్నాలుగో పేపరు తీసింది. మొదట్లో అదే వాక్యం. దాని మీద ఒక గీత. కింద ఇంకేదో, చేతిరాత పరిగెడుతూ ఉంది:

"మా టీచర్ ఎలా పట్టుకున్నా మొదటివాడే అన్నారు. కానీ మొదటి మూడూ కూడితేనే నూట ఇరవైలో అరవై మూడు వస్తోంది. అరకంటే ఎక్కువ. టీచర్ తప్పు చెప్పరు. నేనే ఎక్కడో తప్పు చేశాను. టైం అయిపోతోంది."

జవాబు గడి ఖాళీ.

పేరు లేకపోయినా, ఇది ఆ కిటికీ పక్క పిల్లే అనుకుంది షువాయి. మూడు పేపర్లు ఒకలాగే ఉంటే చెయ్యెత్తాలి, దిద్దేవాళ్లందరి మీదా ఉండే పెద్దాయన్ని పిలవాలి, అదీ రూలే. ఆవిడ ఎత్తలేదు. ముక్కలు చేసినందుకు అందరికీ ఐదు మార్కులకి రెండేసి వేసేసి, కట్ట పక్కకి జరిపింది. పక్కన పదో ప్రశ్న దిద్దేవాడు ముందు పేజీలు తిరగెయ్యడు కదా అనుకుంది.

పక్కన కూర్చున్నవాడు గ్వాతిజో. ఆయన తిరగేస్తాడు. తిరగెయ్యకుండా ఉండలేడు. యాభై ఏళ్లొచ్చినా కుక్క తోకకి డబ్బా కట్టే రకం. పైగా షువాయి వాళ్ల ఇంటికి సహ్విరా, అంటే వంశపారంపర్యంగా వేళాకోళం చేసే హక్కున్న మనిషి. షువాయి నాన్న చచ్చిపోయినప్పుడు ఆ చచ్చిపోయినాయన కోటే వేసుకుని, ఆయనలాగే దగ్గుతూ శవం చుట్టూ తిరిగి, ఏడుస్తున్న వాళ్లమ్మని నవ్వించాడు. అలాంటివాడి మీద కోపం తెచ్చుకోకూడదు.

"చిహేరా!" అన్నాడు. అది ఆవిడ వంశం పేరు. ఆ వంశం ఆడవాళ్లంటే సింహాన్ని కూడా నిలబెట్టి కడిగేస్తారని పేరు. "ఇది చూశావా? చివరివాడు గుట్ట దాటిపోయాడట! ఎక్కడికమ్మా, కల్లు తాగడానికా?"

"పని చూసుకో సహ్విరా."

"ఆగు ఆగు, ఈ రెండోవాడు కూడా గుట్ట దాటాడు. మూడోవాడు కూడా! ఊరు ఊరంతా వలస పోయింది!" పైకి చదివేశాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పక్క బల్లవాళ్లు తలలు తిప్పారు. ఆరోది, ఏడోది వచ్చేసరికి గ్వాతిజో నవ్వు సన్నబడింది. పద్నాలుగూ తిరగేసి, చివరిదాన్ని రెండుసార్లు చదువుకుని, ఆవిడ వైపు చూడకుండా చెయ్యెత్తాడు.

పెద్దాయన శుంబా వచ్చాడు. కళ్లజోడుకి తాడు కట్టుకుని మెళ్లో వేసుకునే ముసలాయన. మెల్లగా మాట్లాడతాడు, అదే భయం. నిలబడే పద్నాలుగూ చదివాడు.

"టీచరు చెప్పాడని ఒకరు రాశారు," అన్నాడు. "ఏ టీచరైనా పద్నాలుగుమందికి ఒకే తప్పు నేర్పుతాడా? పరీక్ష గదిలో కాపలావాడు బోర్డు మీద రాసుంటాడు. పల్లె బడుల్లో మామూలే." కట్టని ఎర్ర కవరులో పెట్టాడు. "నాలుగింటికి దీని మీద సంతకం పెట్టి పంపిస్తాను. విచారణ అయ్యేదాకా ఆ బడి రిజల్టు ఆగుతుంది. అన్ని సబ్జెక్టులూ."

"ఎన్నాళ్లు పడుతుంది, శుంబా గారూ?" అని షువాయి అడిగింది.

"కిందటేడు ఒకదానికి మే నెల దాకా పట్టింది."

యూనివర్సిటీలో చేరాల్సింది ఫిబ్రవరిలో. ఆ సంగతి హాల్లో ఉన్న అందరికీ తెలుసు.

భోజనాలప్పుడు షువాయి కంచం పట్టుకుని నీళ్ల ట్యాంకు నీడకి పోయింది. సడ్జా అనే మొక్కజొన్న సంకటి, ఆకుకూర, ఎండుచేపలు. చేత్తో ముద్ద చేసి, ఆ ముద్దని మళ్లీ కంచంలోనే పెట్టింది.

గ్వాతిజో వచ్చి పక్కన చతికిలపడ్డాడు. "తినవా? తినకపోతే ఆ చేపలిటు పడెయ్యి. చచ్చిన చేప, దానికి అవమానం కూడా ఎందుకు."

"నువ్వు నోరు మూసుకుని ఉంటే కట్ట వెళ్లిపోయేది."

"వెళ్లిపోతే నీకేంటి?"

గ్వాతిజో నములుతూ నములుతూ ఆగాడు. ఆవిడ మొహం చూశాడు, కంచం చూశాడు, మళ్లీ మొహం చూశాడు.

"ఓరి దేవుడా. ఆ గుట్ట నీదా?"

చెప్పేసింది. దోంబో, బుధవారం, కిటికీ పక్క పిల్ల, ఉత్తరం, లారీ, కాగితంలో రాయని బడి పేరు.

గ్వాతిజో చేప ముల్లు ఏరి పక్కన పెట్టాడు. తరవాత మొదలెట్టాడు.

"చిహేరాలంట! మీ నాయనమ్మ వడగళ్ల వానని తిట్టి వెనక్కి పంపిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడ మనవరాలు క్యాబేజీల మీద కూర్చుని పారిపోయింది. క్యాబేజీలకైనా చెప్పావా, ఎందుకు పోతున్నావో?"

"సహ్విరా, వద్దు."

"వద్దా? నాకు హక్కుంది. మీ నాన్న శవాన్నే వదల్లేదు, నిన్నొదుల్తానా? పిల్లలకి నేర్పావు, బాగుంది, గట్టిగా నేర్పావు, పద్నాలుగుమందీ అక్షరం పొల్లుపోకుండా రాశారు. ఈ ముప్పై ఏళ్లలో నా దగ్గర చదివినవాళ్లు నా పేరు కూడా తిన్నగా రాయలేరు. అంత మంచి టీచరువి, అంత పెద్ద దొంగవి."

"నా ఉద్యోగం పోతుంది."

"పోవచ్చు."

"అమ్మ నా మీదే ఉంది. నీకు తెలుసు కదా."

"తెలుసు." ఈసారి గొంతులో వెటకారం లేదు. "చెప్పమని నేననను. నేను చెప్పను కూడా. శుంబా నన్ను అడిగినా, చేపముల్లు గుచ్చుకుంది మాట రావట్లేదంటాను. అది నీ ఇష్టం." లేచి కంచం దులుపుకున్నాడు. "కానీ ఆ పద్నాలుగో పిల్ల ఉంది చూడు, నువ్వు తప్పు చెప్పవని రాసింది. నేనైతే ఆ మాట మింగి అరిగించుకోలేను. నీ పొట్ట ఎలాంటిదో మరి."

మధ్యాహ్నం నుంచి షువాయి పేపర్లు దిద్దింది. ఎన్ని దిద్దిందో తెలీదు. ముప్పావు, టిక్కు. ముప్పావు, టిక్కు. గోడ గడియారం మూడున్నర దాటింది. ఎర్ర కవరు శుంబా బల్ల మీద, టీ కప్పు పక్కన పడి ఉంది. ఎవరో తెలీని ఒక కాపలావాడు, పాపం, ఏ పల్లెలోనో మధ్యాహ్నం నిద్ర లేస్తూ ఉంటాడు, తన మీద ఏం రాయబోతున్నారో తెలీకుండా. అమ్మ గుర్తొచ్చింది. కిటికీ పక్క పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్ల పేరు గుర్తు తెచ్చుకోడానికి చూసింది. రాలేదు. దానికే ఎక్కువ భయమేసింది.

నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా శుంబా పెన్ను మూత తీశాడు. షువాయి కుర్చీ వెనక్కి తోసి లేచింది. కుర్చీ కిందపడి చప్పుడైంది, అందరూ చూశారు.

"శుంబా గారూ, అది కాపీ కాదు. నేను నేర్పింది."

ముసలాయన అంతా విన్నాడు. విన్నాక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మాయ్, నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. ఆ బడిలో నీ చుట్టాలున్నారేమో, వాళ్లని కాయడానికి కథ అల్లుతున్నావేమో కూడా. నాకెలా తెలుస్తుంది?"

"ఇక్కడ చెప్పి చూపిస్తాను. ఆ పాఠం."

హాల్లో గుసగుసలు. గ్వాతిజో అందరికంటే ముందు లేచాడు. "నేను పిల్లాణ్ణి. రండర్రా, పాఠానికి లేటైతే మేడమ్ కొడుతుంది."

పది మంది లేచారు, నెరిసిన తలలూ బట్టతలలూ. వాడేసిన కాగితాలు చింపి షువాయి చీటీలు రాసింది. వరసగా నిలబెట్టింది. ముందు పక్కపక్కవాళ్ల లెక్క. మొదటివాడి కుడిచేతిలో ఒకటి, ఎడమచేతిలో తీసెయ్యాల్సిన అర. రెండోవాడి కుడిచేతిలో అర, ఎడమచేతిలో తీసెయ్యాల్సిన మూడోవంతు. చేతులు పట్టుకున్నారు. బులావాయో నుంచి వచ్చిన పొడుగాయన మొదట్లో ఉన్నాడు, ఆయన కుడిచెయ్యి ఖాళీ. చివరాయన్ని తలుపు దాటించి వరండాలోకి, అక్కడి నుంచి మెట్లు దింపి పంపించేసింది. "మీరింక కనపడరండీ, గుట్ట దాటిపోయారు." ఆయన బయట నుంచి, "వానొస్తోంది!" అని అరిచాడు. ఒకరిద్దరు నవ్వారు.

"ఇంతవరకూ చెప్పాను," అంది షువాయి. "ఇది సరైన పాఠమే. ఇంక తొమ్మిదో ప్రశ్న."

చీటీలు మార్చింది. ఇప్పుడు మొదటివాడి ఎడమచేతిలో మూడోవంతు. అది పట్టుకోవాల్సింది పక్కవాడిని కాదు, వాడి తరవాతివాడిని. పొడుగాయన, రెండో చోట నిలబడ్డ గ్వాతిజో వెనక నుంచి చెయ్యి చాపి మూడో ఆయన చెయ్యి అందుకున్నాడు. గ్వాతిజో తన ఎడమచేత్తో నాలుగో ఆయన్ని పట్టుకున్నాడు. చేతులన్నీ పడుగూ పేకలా అల్లుకుపోయాయి. చివరివాళ్లిద్దరూ వానలోకి పోయారు.

గ్వాతిజో కుడిచేతిలో అర అని రాసిన చీటీ అలాగే ఉంది. ఆ చెయ్యి పట్టుకోడానికి ఎవరూ రాలేదు. ఆయన దాన్ని అలా గాల్లో పట్టుకుని నిలబడ్డాడు.

"నేను కూడా ఉన్నానమ్మా," అన్నాడు. "ఎవరూ చూడట్లేదు."

ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్విద్దామనే అన్నాడో, మరెందుకన్నాడో తెలీదు.

"ఒకటీ, అరా. సగం చేస్తే ముప్పావు," అంది షువాయి. "నేను ఈ రెండో చెయ్యి గురించి చెప్పలేదు. ఒక పిల్ల అడిగింది. అడిగితే కూడా, ఎలా పట్టుకున్నా మొదటివాడే అన్నాను. చూడకుండానే అనేశాను."

శుంబా ఆ వరసని ఈ చివర నుంచి ఆ చివరకి చూశాడు. తరవాత బల్ల దగ్గరికి నడిచి ఎర్ర కవరు చింపి, పేపర్లు బయటికి తీశాడు. ఖాళీ కవరు బుట్టలో వేశాడు.

"కాపీ కాదు," అన్నాడు. "ఆ బడి రిజల్టు ఆగదు. కూర్చోండి అందరూ."

షువాయి కిందపడిన తన కుర్చీ లేవనెత్తింది, కూర్చోలేదు.

"మరి మార్కులండీ?"

"రెండేసి. నువ్వు వేసినవే."

"ఆ మిగతా మూడూ పోయింది నా వల్ల కదండీ. వాళ్ల తప్పేముంది?"

"జవాబు తప్పు, చిహేరా. ఎవరి వల్ల తప్పైందో అడగడానికి నా దగ్గర గడి లేదు." గొంతు అంతే మెల్లగా ఉంది. "నీ తప్పుకి నేను వాళ్లకి మార్కులిస్తే, నీలాంటి టీచర్లు చెప్పిన మిగతా పిల్లల్ని ఎక్కడని వెతకను?"

"పద్నాలుగోది చూడండి. తప్పని తెలుసుకుంది ఆ పిల్ల. మూడు కూడి చూసుకుంది. మూడు కూడి చూసుకోవాలని నాకే తట్టలేదు."

శుంబా ఆ పేపరు విడిగా తీసి మళ్లీ చదివాడు. ఈసారి వేలు పెట్టి చదివాడు. ఆయన దాన్ని కట్టలో పెట్టి, కట్ట మొత్తం గ్వాతిజో ముందు పెట్టాడు. "చిహేరా, నీ బడి పేపర్లు నువ్వు దిద్దకూడదు. ఇతను మళ్లీ దిద్దుతాడు, నీ తొమ్మిదో ప్రశ్న కూడా ఇక నుంచి ఇతనిదే, నువ్వింక ఇంటికి వెళ్లొచ్చు." సొరుగు లోంచి ఆవిడ పాత బడుల కాగితం తీశాడు. "ఇందులో ఆ బడి పేరు రాసి సంతకం పెట్టు. మీ హెడ్మాస్టరుకి ఉత్తరం వెళ్తుంది. ఆ పైన ఏమవుతుందో నా చేతిలో లేదు. నువ్వు లేచి నిలబడ్డావని కూడా రాస్తాను. అది ఎంతవరకు పనికొస్తుందో తెలీదు."

షువాయి దోంబో అని రాసింది. కింద సంతకం పెట్టింది.

గేటు దగ్గర వాన సన్నగా పడుతోంది. గ్వాతిజో ఆవిడ సంచీ నెత్తిన పెట్టుకుని వచ్చాడు, పెళ్లికూతుర్ని సాగనంపే ముసలమ్మలాగా నడుం తిప్పుకుంటూ. గేటు కాపలాదారు నవ్వాడు. షువాయి నవ్వలేదు.

"అమ్మకేం చెప్పను?"

"నేనొచ్చి చెప్తాను, శనివారం. నవ్విస్తూ చెప్తాను. నువ్వు చెప్తే ఏడుస్తుంది."

కోంబి వ్యాను వచ్చి ఆగింది. కండక్టరు సంచీ లాక్కుని పైన పడేశాడు. షువాయి ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"సహ్విరా, పద్నాలుగోదానికి ఎన్నేశావు?"

"మామిడిపళ్లు తీసుకెళ్లు, ఆ మూల అమ్ముతోంది ముసలమ్మ."

"ఎన్నేశావు?"

"చిహేరా, అది బయట చెప్పకూడదు."

"మా నాన్న పోయేముందు ఎవరి పేరు కలవరించాడో ఊరంతా చాటావు. మా ఇంట్లో నువ్వు దాచింది ఒక్కటి లేదు. ఇది దాస్తావా?"

"దాస్తాను," అన్నాడు గ్వాతిజో. వాననీళ్లు ముక్కు మీద నుంచి కారుతున్నా తుడుచుకోలేదు. "ఎక్కు. వాడు అరుస్తున్నాడు."

కోంబి కదిలింది. ఆవిడ కిటికీ అద్దం జరిపి ఇంకోసారి అడిగింది. ఆయన అప్పటికే గేటు వైపు తిరిగాడు. లోపల ఇంకా ఎనిమిది వందల పేపర్లున్నాయి, తొమ్మిదో ప్రశ్నా పదో ప్రశ్నా రెండూ ఆయనవే.